కల్లు కాంపౌండులో తృప్తి శాతం

గిరాకీలు రెండు రకాలు. మెచ్చుకునేవారు ఒక రకం, మళ్లీ వచ్చేవారు ఇంకో రకం. కొత్తతాళ్లపల్లిలో ముప్ఫై ఏళ్లుగా కల్లు కాంపౌండు నడుపుతున్నాను. ఈ రెండు రకాలూ కలిసిన మనిషి ఇప్పటిదాకా నా గేటు దాటి లోపలికి రాలేదు.

పెద్దరోడ్డు మీద కారు ఆపుకుని, ఒక సీసా తాగి, "అద్భుతం, అచ్చమైన ప్రకృతి" అంటూ ఫోటో దిగినవాడు ఈ జన్మలో మళ్లీ కనబడడు. మేస్త్రి కొమ్మాలు మాత్రం ఇరవై ఆరేళ్లుగా రోజూ సాయంత్రం ఐదున్నరకు వస్తాడు. గోడ పక్కన బండరాయి మీద కూర్చుంటాడు. మొదటి గుక్క మింగి, మూతి తుడుచుకుని, కాంపౌండంతా వినబడేలా అడుగుతాడు:

"ఏమయ్యా గౌడ్, ఇది కల్లా, బియ్యం కడిగిన నీళ్లా?"

అడిగి రెండో గుక్క తాగుతాడు. మూడు సీసాలు అయ్యేదాకా లేవడు.

ఆయన పక్కన జానీమియా ఉంటాడు, లారీ నడిపి నడిపి మానుకున్న మనిషి. ఆయన దృష్టి తిండి మీద. "సమ్మక్కా, ఈ బోటి మేకదా, నా లారీ టైరుదా?" అని పొయ్యి వైపు కేకేస్తాడు. పొయ్యి దగ్గర సమ్మవ్వ గరిటె పైకెత్తి, "నోట్ల పండ్లు లేక మేకను తిడుతున్నవా మియా? సచ్చిన మేక నిన్ను జూసి నవ్వుతాంది" అంటుంది. మియా రెండో ప్లేటు తెప్పించుకుంటాడు.

ఇది మా ఊరి మర్యాద. ఎదురుగా పొగిడితే ఇక్కడ రెండే అర్థాలు. దిష్టి పెట్టడం, లేదా ఇక రానని చెప్పడం. అందుకే నా వ్యాపారం బాగోగులు నేను తిట్లతో తూచుకుంటాను. రోజుకు నూట ఇరవై పడితే కాంపౌండు ఆరోగ్యంగా ఉన్నట్టు. ఎనభైకి దిగితే కల్లులోనో కూరలోనో తేడా వచ్చినట్టు. నన్ను నమ్ముకుని చెట్లెక్కే గీత కుటుంబాలు పదమూడు. అంటే ఒక్కో కుటుంబం మనుగడకు రోజుకు తొమ్మిది తిట్లు కావాలి. ఈ లెక్క తప్పగా నేను చూడలేదు, అతిథి అనుభవ పరిరక్షణ మండలి వచ్చేదాకా.

ఆ మండలి కొత్తగా పుట్టింది. తినేచోటా తాగేచోటా ప్రజలు ఎలాంటి అనుభూతి పొందుతున్నారో కొలవడం దాని పని. లైసెన్సులు మళ్లీ రాసిచ్చే అధికారం కూడా దానికే ఇచ్చారు. మా వైపు సహాయ అనుభవాధికారిగా ప్రభంజనరావు గారు వచ్చారు. సన్నటి మనిషి, లావు సంచి. బండరాయి మీద రుమాలు పరిచి కూర్చుని అసలు విషయం చెప్పారు.

"గౌడ్ గారూ, నేటి నుండి మీరు విక్రయించునది కల్లు కాదు. అనుభవము."

"మరి కల్లు సార్?"

"అనుభవ వాహకము."

"వాహకాన్ని సీసాలో పోయాలా సార్, మట్టి లొట్టితోనే ఇవ్వాలా?"

ఆయన కలం మూత తీశారు. "ఆ విషయమై స్పష్టీకరణ కోరుతూ పైకి రాసెదను."

సంచిలోంచి పసుపుపచ్చ కార్డుల కట్టలు తీశారు. ప్రతి అతిథీ లేచేముందు ఒక కార్డు నింపాలి. మా అతిథుల్లో సగం మందికి కళ్లజోళ్లు ఇంట్లో ఉంటాయి, మిగతా సగానికి అక్షరాలే ఇంట్లో లేవు. అందుకని ఆయనే వారం రోజులు వచ్చి, అడిగి రాసుకుంటానన్నారు.

మొదట కొమ్మాలు దగ్గరికి పోయారు. "ఆసీనులైన తక్షణమే మీకు కలిగిన ప్రథమ భావన?"

"బండ సల్లగున్నది."

'ఆసనమందు శీతల సంబంధ అసౌకర్యము' అని రాసుకున్నారు.

"పానీయము గూర్చి?"

"బియ్యం కడిగిన నీళ్లు."

ప్రభంజనరావు గారి కలం ఆగింది. నా వైపు జాలిగా చూసి మళ్లీ రాసుకున్నారు. తర్వాత మియా బోటిని టైరన్నాడు, ఉల్లిగడ్డను రాయన్నాడు, ఉడికించిన శనగ గుడాలను తుపాకీ గుండ్లన్నాడు. ఇన్ని అంటూనే మూడో ప్లేటు తెప్పించుకున్నాడు. కార్డులో ప్లేట్ల గడి లేదు.

వారం తిరిగేసరికి ఎనిమిది వందల నలభై తిట్లు నమోదయ్యాయి. రోజుకు నూట ఇరవై, సరిగ్గా నా లెక్కే. నా కాంపౌండు ఇంత ఆరోగ్యంగా ఉందని ప్రభుత్వమే రాసుకున్నందుకు ఆ సాయంత్రం మనసులో పొంగిపోయాను. మూడో రోజు నోటీసు వచ్చింది.

"తమ కాంపౌండునందు అతిథి తృప్తి రెండు శాతమునకు పతనమైనట్లు మండలి గమనించి మిక్కిలి కలత చెందినది. నలుబది ఐదు దినములలోగా ఎనుబది శాతమునకు పెంచనిచో లైసెన్సు రద్దు కాగలదు."

ఆ రెండు శాతం కూడా కారులో వచ్చినవాళ్లు ఇచ్చిందే.

పాత గిరాకీలను నలభై ఒక్క మందినీ కూర్చోబెట్టి నోటీసు చదివి వినిపించాను. "నలభై అయిదు రోజులు ఓపిక పట్టుండ్రి. తిట్టకుండ్రి. పొగడుండ్రి. లేకుంటే గేటుకు తాళం పడ్తది."

కొమ్మాలు ముఖం ముడుచుకున్నాడు. "నాకు పొగుడుడు రాదు గౌడ్."

"గోడలు కట్టుడు నేర్చుకోలేదా? అట్లనే. కల్లు మంచిగున్నది, అను."

"కల్లు..." అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "కల్లు..." నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. "కల్లు నీ మొఖం లెక్కున్నది."

"సగం వచ్చింది కొమ్మాలన్నా," అన్నాడు మియా. "ఇప్పుడు గౌడ్ మొఖం మంచిగున్నదని సార్‌కు చెప్తే సరిపాయె."

"అంత అబద్ధం నేను చెప్ప."

అయినా పదమూడు కుటుంబాల సంగతి అందరికీ తెలుసు. మర్నాడు ప్రభంజనరావు గారు కార్డులు పట్టుకుని నిలబడగా, కొమ్మాలు మొదటి గుక్క మింగాడు. మూతి తుడుచుకున్నాడు.

"కల్లు చాలా బాగున్నది, గౌడ్ గారూ."

'గారూ' ఎవరూ నేర్పలేదు. కంగారులో అదంతట అదే వచ్చింది. వెనక వరసలో ఇద్దరు సీసాలు కింద పెట్టేసి కొమ్మాలుకు ఏమైందో చూద్దామని లేచారు. మియా తన వంతుగా పొయ్యి వైపు తిరిగి, "సమ్మక్కా, బోటి మస్తుగ కుదిరింది" అన్నాడు. సమ్మవ్వ గరిటె వదిలేసి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏమైందవ్వా?" అని పరుగెత్తాను.

"ముప్పై ఏండ్లసంది వండి పెడుతున్న బిడ్డా. ఇయ్యాల మంచిగున్నదన్నడు. అంటే రేపటిసంది రాడన్నట్టే గదా! ఏం రోగమొచ్చిందో అడుగు."

తెల్లవారి నా ఇంటి ముందు కొమ్మాలు పెళ్లాం నిలబడింది, నడుముకు కొంగు చుట్టుకుని. "ఏం కలిపినవయ్యా కల్లుల? మా ఆయన రాత్రి ఇంట్ల పప్పుచారు మంచిగున్నదన్నడు. పెండ్లయినంక గీ మాట ఇన్లే. పిల్లలు భయపడి మా అక్క ఇంటికి పోయిండ్రు."

ఆ మాట చాలు. కొత్తతాళ్లపల్లి కల్లు తాగినవాళ్లు పొగుడుతున్నారని చుట్టుపక్కల పదిహేను ఊళ్లకు పాకింది. ఏదో మందు కలిపి ఉంటారు, లేకపోతే కొమ్మాలు నోటి నుంచి ఆ మాట వస్తుందా అన్నారు. ఇరవై రోజుల్లో తృప్తి తొంభై ఒక శాతానికి పెరిగింది. మనుషులు ఇరవై ముగ్గురికి తగ్గారు. తిట్లు రోజుకు పదకొండు, అవీ వీధిలో పోయేవాళ్లు నన్ను తిట్టినవి. పదమూడు మంది దించిన కల్లులో తొమ్మిది మందిది మోరీలో పారబోశాం. గీత కార్మికుల్లో పెద్దవాడు అబ్బసాయిలు మోరీ పక్కన నిలబడి, "రావి ఆకులన్నా రాలినంక ఎరువైతయి. ఇది దేనికయ్యింది ఉప్పలయ్యా?" అని నన్ను పేరు పెట్టి అడిగాడు.

ప్రభంజనరావు గారు మాత్రం సంతోషించారు. అయితే ఆయనలో పరిశోధకుడు కూడా ఉన్నాడు. రెండు శాతం ఇరవై రోజుల్లో తొంభై ఒకటి ఎలా అయిందన్న ప్రశ్న ఆయన్ను కుదురుగా ఉండనివ్వలేదు. కొమ్మాలును విడిగా కూర్చోబెట్టారు.

"నిజము పలుకుడు. కల్లు బియ్యం కడుగు నీరని మీరు ఎంత కాలముగా భావించుచున్నారు?"

కొమ్మాలు అబద్ధాల కోటా అప్పటికే అయిపోయింది. "ఇరవై ఆరేండ్లు సార్. రోజూ అంటా. కంటి ఆపరేషన్ అయిన రెండు రోజులు రాలే."

ప్రభంజనరావు గారు గుణించారు. తొమ్మిది వేల నాలుగు వందల ఎనభై ఎనిమిది ఫిర్యాదులు. లీపు సంవత్సరాలపై స్పష్టీకరణ రావలసి ఉంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇన్ని వేల పర్యాయములు వేదన వెలిబుచ్చిననూ మిమ్ము ఎవరునూ ఆదుకొనలేదా?"

"రోజూ ఆదుకుంటడు సార్. ఇంకో సీసా ఇస్తడు."

"అదియే క్రూరత్వము!"

వారంలో ఉత్తర్వు వచ్చింది. నా నలభై ఒక్క మంది గిరాకీలు 'దీర్ఘకాలిక అసంతృప్త బాధితులు'. వారిని తక్షణం కాపాడి, జిల్లా కేంద్రంలోని మండలి వారి ఆదర్శ తృప్తి భోజనశాలకు తరలించి, పదిహేను రోజులు తృప్తి కలిగించాలి. బాధితులు తిరిగి బాధాస్థలికి పోకుండా కాంపౌండుకు తాళం.

తెల్ల బస్సు వచ్చింది. "నన్ను కాపాడకుండ్రి సార్, దండం పెడ్త" అని కొమ్మాలు బండరాయిని కౌగిలించుకున్నాడు. 'బాధకు అలవాటుపడిన లక్షణము' అని రాసుకుని ఆయన్ను ఎక్కించారు.

నాలుగో రోజు చూడటానికి పోయాను. ఆదర్శ తృప్తి భోజనశాల మంచులా చల్లగా ఉంది. మెత్తటి కుర్చీలు, తెల్లటి గుడ్డలు. ప్రతి బల్ల పక్కన కోటు వేసుకున్న మనిషి ఒకడు. ముద్ద నోట్లోకి పోగానే వంగి, "ఎలా ఉంది సార్?" అని అడుగుతాడు. నోరు నిండా అన్నం ఉన్నవాడు తల కదిలించక తప్పదు. కదిలించగానే ఐదు నక్షత్రాలు నొక్కేస్తాడు. గోడ మీద ఎర్ర అంకెలు వెలుగుతున్నాయి: తృప్తి, నూరు శాతం.

కొమ్మాలు మూడు రోజులుగా మాట్లాడలేదట. చెంపలు లోపలికి పోయాయి.

"ఏమైంది మియా?" అన్నాను.

"ఏం జెప్పాలె భాయ్," అన్నాడు జానీమియా. "ఉప్పు బరాబరున్నది. కారం బరాబరున్నది. కుర్చీ మెత్తగున్నది. ఇగ ఒకనితోని ఒకడు ఏం మాట్లాడుకోవాలె? పొద్దుందాక గోడ మీద నంబర్ జూస్తున్నం."

కొమ్మాలు నెమ్మదిగా తలెత్తాడు. "గౌడ్, ఒక్క సీసా తెచ్చినవా?"

"లోపటికి రానియ్యరు కొమ్మాలన్నా."

"నువ్వెప్పుడు ఏ పనికొచ్చినవ్ గనుక!" అన్నాడు. అనగానే ఆయన ముఖంలోకి రక్తం వచ్చింది. నాలుగు ముద్దలు గబగబా తిన్నాడు. తిన్న బలంతో లేచి ప్రభంజనరావు గారి బల్ల దగ్గరికి నడిచాడు. "సార్, ఈడ వంక వెట్టెటందుకు ఏం లేదు. దాని మీద నేను ఫిర్యాదు చేస్త. రాసుకో."

ప్రభంజనరావు గారు తల్లడిల్లారు. "ఇచ్చట ఫిర్యాదునకు ఆస్కారము లేదు. ఒక్కటి స్వీకరించిననూ నూరు శాతము కాస్తా పడిపోవును."

"మరి యాడ జెప్పుకోవాలె?"

"నిబంధనావళి పదునాలుగవ అధ్యాయము ననుసరించి, ఫిర్యాదుల స్వీకరణ కేంద్రమునందు."

"అది యాడున్నది?"

"ఇంకనూ స్థాపించబడలేదు. నిర్వహణకు ఎవరునూ ముందుకు రాలేదు."

కొనేవాళ్లు నలభై ఒక్క మంది బల్లల ముందు కూర్చుని ఉన్నారు, అమ్మేవాడు జిల్లాలో లేడు. వ్యాపారి చెవిలో ఇంతకంటే తియ్యటి కబురు పడదు. ఆ నిబంధనావళి ఒకసారి ఇమ్మని అడిగి, ఆ చలిలోనే కూర్చుని పద్నాలుగో అధ్యాయం రెండుసార్లు చదివాను. కేంద్రంలో నీడ ఉండాలి. కూర్చునే ఏర్పాటు ఉండాలి. చెప్పుకుని చెప్పుకుని గొంతు ఎండుతుంది గనుక స్థానిక ఆచారాన్ని బట్టి పానీయం ఇవ్వాలి. ఫిర్యాదు తిండి మీదైతే, ఆ తిండి తాజాగా, చాలినంతగా, సాక్ష్యం కింద అక్కడే ఉంచాలి. ఎవరు రాశారో గానీ, రాసినవాడు ఎప్పుడో ఒకప్పుడు మా కాంపౌండులో కూర్చున్నవాడే అయి ఉండాలి.

అక్కడికక్కడే దరఖాస్తు పెట్టాను. ప్రభంజనరావు గారు వరసగా చూశారు.

"కల్లు?"

"సాక్ష్యం సార్."

"బోటి?"

"అదీ సాక్ష్యమే. పాడైపోతుంది, అందుకని రోజూ కొత్తది వండిస్తాం."

"సాక్ష్యమును ఫిర్యాదుదారు సేవించవచ్చునా?"

"సేవించకుండా ఏమని ఫిర్యాదు చేస్తాడు సార్?"

ఆయన దరఖాస్తు మీద ముద్ర గుద్దారు. "తార్కికముగనే ఉన్నది" అన్నారు.

జిల్లాలో మొదటి ఫిర్యాదుల స్వీకరణ కేంద్రం బోర్డు మా గేటు మీదే వెలిసింది. తాళం తీసిన రోజు కొమ్మాలు బండరాయి మీద కూర్చుని, ఐదు వారాల బాకీ మొత్తం ఒక్క గుక్క మీద తీర్చాడు. నన్నూ, కల్లునూ, నా తాతనూ, ఆ తాత నాటిన చెట్లనూ తిట్టాడు. సమ్మవ్వ పొయ్యి దగ్గర నవ్వలేక కూలబడింది. మొదటి రోజే నూట అరవై మూడు. నెల తిరిగేసరికి పక్క ఊళ్ల నుంచి కూడా ఫిర్యాదుదారులు బండ్లు కట్టుకుని రావడం మొదలుపెట్టారు. 'ప్రజలు నిర్భయముగా ముందుకు వచ్చుచున్నారు' అని మండలి మెచ్చుకుంటూ ఒక ప్రశంసాపత్రం పంపింది. పదమూడు మందీ దించిన కల్లు చాలక అబ్బసాయిలు మేనల్లుణ్ని కూడా చెట్టెక్కించాం.

ప్రశంసాపత్రం అడుగున చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది. ఆరు నెలలకొకసారి తనిఖీ. సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర మధ్య, తనిఖీ అధికారి చెవులారా కనీసం ఒక్క తాజా ఫిర్యాదు వినాలి. వినబడకపోతే కేంద్రం నిరుపయోగమైనదిగా తేల్చి, ఆ నిమిషమే శాశ్వతంగా మూసేస్తారు. చదివి నవ్వుకున్నాను. నిమిషానికి రెండు తిట్లు పడేచోట గంటన్నరలో ఒక్కటి పడదా?

తనిఖీ వేసవిలో పడింది. ఆ మధ్యాహ్నం అబ్బసాయిలు చెట్టు దిగి, లొట్టి నా ముందు పెట్టాడు. ఒక దోసెడు తాగి చూశాను. ముప్ఫై ఏళ్లలో అలాంటి కల్లు మూడేమూడు సార్లు తాగాను. తీపి ఎక్కడ ఆగుతుందో, పులుపు ఎక్కడ మొదలవుతుందో తెలియదు.

"సాయిలన్నా, దండం పెడ్త. దీంట్ల నిన్నటిది జర కలుపు."

"నా శెయ్యి నరికినా కలప. ఇసొంటిది మల్ల దొరుకుతదా?"

పొయ్యి దగ్గరికి పరుగెత్తాను. బోటి కూడా కుదిరిపోయింది. "అవ్వా, పిడికెడు ఉప్పు ఎక్కువ వెయ్యి" అంటే సమ్మవ్వ గరిటె ఎత్తి నన్ను తరిమింది.

ఐదింటికి ప్రభంజనరావు గారు రుమాలు పరుచుకుని, కలం మూత తీసి కూర్చున్నారు. ఐదున్నరకు కొమ్మాలు వచ్చాడు. మొదటి గుక్క మింగాడు. మూతి తుడుచుకున్నాడు. నోరు తెరిచాడు. మూసుకున్నాడు. రెండో గుక్క తాగాడు.

కాంపౌండులో నూట యాభై మంది ఉన్నారు. గుటకల చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆరు కొట్టింది. మియా చెవి దగ్గర వంగి, "లారీ టైరేది మియా?" అని బతిమాలాను. "బోటి నోట్లున్నప్పుడు మాట్లాడియ్యకు భాయ్" అని చెయ్యి ఊపాడు. ఒక ఈగను పట్టుకొచ్చి, అందరూ చూస్తుండగా, కొమ్మాలు సీసాలో వేశాను. ఆయన వేలితో ఈగను తీసి, ఆ వేలు కూడా చప్పరించాడు. ఆరుంబావు. వెనక గోడ దగ్గర పద్నాలుగు మంది గీత కార్మికులు వరసగా నిలబడి చూస్తున్నారు. వాళ్ల వెనక వాళ్ల భార్యలు. ఆరూ ఇరవై అయిదు. ప్రభంజనరావు గారు కాగితం మీద 'శూ' అని రాశారు. 'న్యము' ఒక్కటే మిగిలింది.

కొమ్మాలు ఖాళీ సీసా బండ మీద ఠంగుమని పెట్టాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"గౌడ్! నీకు బుద్ధున్నదా?"

కలం ఆగింది.

"ఇయ్యాల గింత మంచిది పోస్తివి. రేపు ఏం తాగాలె మేము? ఇది నాలికె మీద వడ్డంక రేపటిది దిగుతదా? మా బతుకులు ఆగం జేస్తివి గదరా!"

ఆ మాటతో నూట యాభై మందికీ రేపు గుర్తొచ్చింది. "అవును, రేపెట్ల?" అని ఒకడు, "ఈ బోటి తిన్నంక ఇంట్ల కూర ముట్టబుద్ధయితదా?" అని ఇంకొకడు. మియా సమ్మవ్వ మీదికి లేచాడు. కాంపౌండు హోరెత్తిపోయింది. ప్రభంజనరావు గారు 'శూ' కొట్టేసి, గబగబా రాసుకున్నారు: 'భవిష్యత్తునకు సంబంధించిన ఘోర అన్యాయము.'

"పరిష్కారము చూపనిదే పత్రము పూర్తి కాదు" అని అబ్బసాయిలును పిలిచారు. "రేపటి నుండి ఇంతకన్నా తక్కువ నాణ్యత గల కల్లు నియమముగా దించగలరా?"

అబ్బసాయిలు నడుముకున్న మోకు సర్దుకున్నాడు. "నా శేతిలేమున్నది సార్? శెట్టు ఏది ఇస్తె అది దించుత. అది నా మాట ఇంటదా?"

ప్రభంజనరావు గారు ఒక కొత్త కాగితం తీశారు. 'ప్రతివాది: తాటిచెట్టు' అని రాసి, దాని నంబరు అడిగి వేసుకున్నారు. సంజాయిషీ కోరుతూ నోటీసు మర్నాడే వచ్చింది. చెట్టుకు చదివి వినిపించి, మేకు కొట్టి తగిలించి, ఇద్దరు సాక్షుల చేత వేలిముద్రలు వేయించాం.

నిబంధనావళి ప్రకారం విచారణ పెండింగులో ఉన్నంతకాలం కేంద్రాన్ని మూయడానికి వీల్లేదు. ఇప్పటికి నాలుగేళ్లయింది. చెట్టు ఇంకా జవాబివ్వలేదు.